పిల్లల ఆరోగ్య పరిశోధనలో ఆనర్స్ ఏడాది: సూపర్‌వైజర్‌ని వెతకడం నుంచి థీసిస్ ఇచ్చేదాకా

ఆస్ట్రేలియాలో మూడేళ్ళ డిగ్రీ అయ్యాక ఆనర్స్ చేస్తానని ఇంట్లో చెప్పినప్పుడు మా నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న: "ఆనర్స్ అంటే మార్కులు బాగా వచ్చినవాళ్ళకి ఇచ్చేది కదమ్మా, దానికి మళ్ళీ ఫీజు కట్టడమేంటి?" ఆయన తప్పేం లేదు. ఇక్కడ ఆనర్స్ అంటే డిగ్రీ తర్వాత విడిగా ఇంకో ఏడాది. ఒక సూపర్‌వైజర్ దగ్గర చేరి, ఒకే ప్రశ్న పట్టుకుని పరిశోధన చేసి, థీసిస్ రాసి, దాన్ని నలుగురి ముందు నిలబడి సమర్థించుకోవాలి. ఇండియాలో కూడా ఇప్పుడు నాలుగేళ్ళ డిగ్రీలో, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్ళకి చివరి ఏడాది రీసెర్చ్‌తో ఆనర్స్ చేసే దారి తెరిచారు కాబట్టి ఈ మాట మనవాళ్ళకి మెల్లగా అలవాటవుతోంది.

ఏడాది అంటారు గానీ ఫిబ్రవరి చివర్లో మొదలుపెడితే అక్టోబరు చివరికో నవంబరు మొదట్లోనో థీసిస్ చేతికివ్వాలి. గట్టిగా లెక్కేస్తే ఎనిమిది నెలలు, పైన కొన్ని రోజులు. పిల్లల ఆరోగ్యం మీద పని చేయాలనుకునేవాళ్ళు ముందుగా ఒప్పుకోవాల్సిన నిజం ఇదే. అనుమతులు నెమ్మదిగా వస్తాయి, పిల్లలకి జ్వరాలొస్తాయి, తల్లిదండ్రులకి తీరిక దొరకదు. గడువు మాత్రం కదలదు. అందుకే కింద చెప్పిన ప్రతి పని వెనకా ఒకే లెక్క ఉంది: ప్రశ్న ఎంత చిన్నదైతే ఏడాది అంత సాఫీగా సాగుతుంది.

ముందు ఏడాది ఆగస్టు నుంచే సూపర్‌వైజర్‌ని వెతకండి

చాలా యూనివర్సిటీల్లో మూడో ఏడాది ముఖ్యమైన సబ్జెక్టుల్లో 65 లేదా 70 శాతం సగటు ఉండాలి. దానితో పాటు మిమ్మల్ని తీసుకోవడానికి ఒప్పుకున్న సూపర్‌వైజర్ కూడా ఉండాలి. మార్కులుండి సూపర్‌వైజర్ దొరక్క ఆగిపోయినవాళ్ళని చూశాను. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి మంచి ప్రాజెక్టులు చేతులు మారిపోతాయి.

పిల్లల ఆరోగ్యానికే పెట్టిన పెద్ద సంస్థలు వెతికితే మెల్‌బోర్న్‌లో రాయల్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌ని ఆనుకుని మర్డాక్ చిల్డ్రన్స్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కనిపిస్తుంది. పెర్త్‌లో ద కిడ్స్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఆస్ట్రేలియా ఉంది. దాని పాత పేరు టెలిథాన్ కిడ్స్. ఇలాంటి చోట్ల ఆనర్స్ విద్యార్థుల కోసం ప్రాజెక్టుల జాబితాలు పెడతారు. అందులో పేరు లేకపోయినా మీకు నచ్చిన పని చేస్తున్నవాళ్ళకి నేరుగా మెయిల్ రాయండి. మెయిల్ ఆరేడు లైన్లు దాటకూడదు: మీరెవరు, ఆయన లేదా ఆమె ఈమధ్య రాసిన ఏ పేపర్ చదివారు, అందులో మీకు ఏం అర్థం కాలేదు, వచ్చే ఏడాది చోటుందా. మూడోది చాలామంది వదిలేస్తారు. "మీ పని నాకు స్ఫూర్తినిచ్చింది" అని రాస్తే ఎవరూ జవాబివ్వరు. "మీ రెండో టేబుల్లో మధ్యలో మానేసిన పిల్లల్ని ఎలా లెక్కేశారు?" అంటే ఇస్తారు.

కలిసినప్పుడు ఈ నాలుగు తప్పకుండా అడగండి. ఎథిక్స్ అనుమతి, అంటే ఈ పరిశోధన పిల్లలకి హాని లేకుండా న్యాయంగా సాగుతుందని చూసే కమిటీ ఆమోదం, ఇప్పటికే వచ్చిందా, ఇంకా రావాలా? డేటా ఇప్పుడు మీ చేతిలో ఉందా? నేను వారానికి ఒకసారి మిమ్మల్ని కలవగలనా, లేక రోజువారీగా వేరేవాళ్ళు చూసుకుంటారా? ఈ ఏడాదిలో మీరు ఎక్కడికైనా లాంగ్ లీవ్ మీద వెళ్తున్నారా? చివరిది అడగడానికి మొహమాటపడకండి, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. ఆ తర్వాత ఆ ల్యాబ్‌లో కిందటేడు ఆనర్స్ చేసినవాళ్ళతో పావుగంట కాఫీ తాగండి. సూపర్‌వైజర్ గురించి వాళ్ళు మాట్లాడేటప్పుడు ఎక్కడ ఆగి ఆలోచిస్తారో గమనిస్తే చాలు.

ఫలితం గురించి కూడా ఒక మాట. ఫస్ట్ క్లాస్ ఆనర్స్‌కి చాలా చోట్ల 80, కొన్ని చోట్ల 85 దాటాలి. పీహెచ్‌డీకి స్కాలర్‌షిప్ కావాలంటే దాదాపుగా ఇదే తాళంచెవి. మెడిసిన్ సీటు కోసం ఎదురుచూస్తూ మధ్యలో ఏడాది ఖాళీగా ఉండకూడదని చేరేవాళ్ళూ ఉంటారు. అందులో తప్పేమీ లేదు. సూపర్‌వైజర్‌తో మాత్రం ముందే చెప్పండి.

ప్రశ్నని సగానికి కోయండి, మళ్ళీ ఇంకో సగానికి

"నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎదుగుదల" అనేది ప్రశ్న కాదు, అది ఒకరు జీవితాంతం చేసే పని. "32 వారాలకు ముందు పుట్టి, ఒక ఆసుపత్రి ఫాలో-అప్ క్లినిక్‌కి వచ్చిన పిల్లల్లో, రెండేళ్ళ వయసులో బరువుకీ మాటలు రావడానికీ సంబంధం ఉందా" అనేది ప్రశ్న. ఇందులో ఎవరు, ఎక్కడ, ఏ వయసులో, దేనికీ దేనికీ మధ్య అన్న నాలుగూ ఉన్నాయి. ఒక్కటి తగ్గినా ఏప్రిల్లో ఇబ్బంది పడతారు.

చిన్న ప్రశ్న అంటే చిన్నచూపు వద్దు. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్, ఆమె సహచరులు విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన గుప్పెడు మంది పిల్లల పేగు నుంచి తీసిన చిన్న ముక్కల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. వాళ్ళు అడిగింది ఒకటే: బ్యాక్టీరియా ఏదీ దొరకని ఈ పిల్లల పేగులో ఇంకేముంది? అక్కడ కనిపించిన వైరస్‌కే తర్వాత రోటావైరస్ అని పేరొచ్చింది. ఢిల్లీలో పసిపిల్లల్లో దొరికిన ఒక రోటావైరస్ రకం నుంచి హైదరాబాద్‌లో టీకా తయారవడం, 2016లో ప్రభుత్వ టీకాల్లో దాన్ని మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి కావడం ఆ కథకి కొనసాగింపే.

డేటా ఎక్కడినుంచి వస్తుందన్న దాన్ని బట్టి మీ ఏడాది ఎలా ఉంటుందో తేలిపోతుంది. కొత్తగా కుటుంబాల్ని కలిసి, అడిగి, చేర్చుకుని చేసే పని అన్నిటికన్నా తృప్తినిస్తుంది, అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ అదే. అరవై మంది కావాలనుకుంటే ఆగస్టుకి ఇరవై రెండు మందితో మిగిలిపోవచ్చు. ఆసుపత్రి పాత రికార్డులు చూసే పని నింపాదిగా సాగుతుంది, కాకపోతే రాయాల్సినవి రాయని నర్సుల్నీ డాక్టర్లనీ మనసులో తిట్టుకుంటూ గడపాలి. ఇక ఇప్పటికే పోగుపడిన పెద్ద డేటా. "గ్రోయింగ్ అప్ ఇన్ ఆస్ట్రేలియా" అనే అధ్యయనం 2004లో మొదలైంది. పసిపిల్లలు సుమారు 5,000 మంది, నాలుగైదేళ్ళ పిల్లలు సుమారు 5,000 మందితో మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి వాళ్ళని మళ్ళీ కలుస్తూ వచ్చారు. పెర్త్‌లో 1989లో గర్భిణులతో మొదలైన రెయిన్ స్టడీ ఇంకా పాతది. మొదటిసారి చేసేవాళ్ళకి నా సలహా ఇలాంటి సిద్ధంగా ఉన్న డేటానే. వేర్వేరు ప్రభుత్వ శాఖల రికార్డుల్ని కలిపి చేసే ప్రాజెక్టు ఎవరైనా చూపిస్తే, డేటా ఇప్పటికే చేతికి వచ్చి ఉంటే తప్ప ఒప్పుకోకండి. ఆ అనుమతులు మీ ఆనర్స్ కన్నా ఎక్కువ కాలం పట్టొచ్చు.

ఆదిమవాసీ, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపాల పిల్లల గురించిన పరిశోధనకి విడిగా మార్గదర్శకాలున్నాయి. ఆ సముదాయాలే ముందుండి నడిపిస్తున్న బృందంలో చేరగలిగితే చేయండి. బయటినుంచి ఒక ఆలోచన పట్టుకెళ్ళి ఎనిమిది నెలల్లో తేల్చే విషయం కాదది.

కాగితాల పని జనవరిలోనే మొదలుపెట్టండి

పిల్లలతో పనిచేసే ఎవరికైనా రాష్ట్రం ఇచ్చే వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ ఉండాలి. పేరు, పద్ధతి రాష్ట్రానికోలా ఉంటాయి, క్వీన్స్‌ల్యాండ్‌లో బ్లూ కార్డ్ అంటారు. పోలీస్ చెక్ వేరు, ఇది వేరు. ఒకటుంటే రెండోది అక్కర్లేదనుకోకండి.

ఆసుపత్రిలో అడుగుపెట్టాలంటే టీకాల రుజువు అడుగుతారు: తట్టు, గవదలు, రుబెల్లా, హెపటైటిస్ బి, అమ్మవారు (చికెన్‌పాక్స్), కోరింత దగ్గు, ఆ ఏడాది ఫ్లూ. ఇండియాలో పుట్టి పెరిగినవాళ్ళకి అసలు తిప్పలు ఇక్కడే. చిన్నప్పటి టీకా కార్డు ఏ బీరువాలో ఉందో అమ్మకి కూడా గుర్తుండదు. అమ్మవారికి టీకా మన ప్రభుత్వ పట్టికలో లేదు కాబట్టి "చిన్నప్పుడు అమ్మవారు పోసింది" అన్న మాట తప్ప కాగితం ఉండదు. కంగారు పడకండి. రక్తపరీక్ష చేసి రోగనిరోధక శక్తి ఉందో లేదో చెప్తారు, లేకపోతే టీకా వేస్తారు. క్షయ ఎక్కువగా ఉన్న దేశం నుంచి వచ్చారు కాబట్టి దానికీ పరీక్ష అడుగుతారు. హెపటైటిస్ బి డోసుల మధ్య నెలల వ్యవధి ఉండాలి. అందుకే జనవరి అన్నాను.

ఎథిక్స్ విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కొత్త దరఖాస్తు వేయాల్సిన ప్రాజెక్టు వద్దు, ఇప్పటికే ఆమోదం ఉన్నదానిలో మీ పేరు చేర్చే సవరణ చాలు. అలా పేరు చేర్చడానికే వారాలు పడుతుంది. ఎథిక్స్ కమిటీ సరేనన్నాక ఆసుపత్రి తరఫున విడిగా ఇంకో అనుమతి కూడా ఉంటుంది. అది రాకుండా ఒక్క రికార్డు తెరిచినా తప్పే. ఆగే ఈ సమయంలో లిటరేచర్ రివ్యూ, అంటే ఈ విషయం మీద ఇప్పటిదాకా వచ్చిన పేపర్ల సమీక్ష, రాసేయొచ్చు.

సంతకం కాదు, సమ్మతి

ఆస్ట్రేలియాలో మనుషుల మీద పరిశోధనకి ఆధారం నేషనల్ స్టేట్‌మెంట్ అనే పత్రం. అందులో పిల్లల గురించి విడిగా ఒక అధ్యాయం ఉంది. దాన్ని మొత్తం చదవండి, పెద్దదేం కాదు. సారాంశం: తల్లి లేదా తండ్రి ఒప్పుకోవాలి, బిడ్డకి అర్థమయ్యే వయసుంటే వాళ్ళకీ అర్థమయ్యేలా చెప్పాలి, బిడ్డ వద్దంటే ఆ మాటకి విలువివ్వాలి. ఆరేళ్ళ పిల్ల చేయి వెనక్కి లాక్కుంటే అది కూడా జవాబే. అమ్మ సంతకం పెట్టింది కదా అని ముందుకెళ్ళడానికి లేదు.

ఇవన్నీ చదివి వెళ్ళాను. అయినా నాకు సమ్మతి అంటే ఏంటో తెలిసింది ఒక శుక్రవారం మధ్యాహ్నం, క్లినిక్ వెయిటింగ్ హాల్లో. ఒక తెలుగు కుటుంబం వచ్చింది. పదినెలల బాబు, వాళ్ళమ్మ, నాయనమ్మ. నా మెడలో కార్డు మీద పేరు చూసి పెద్దావిడ మొహం వికసించింది.

"తెలుగమ్మాయివా? ఏ ఊరమ్మా మీది?"

చెప్పాను. అయిదు నిమిషాల్లో మా ఊళ్ళో వాళ్ళకి తెలిసినవాళ్ళెవరో కూడా తేలింది. అప్పుడు కాగితం తీసి, ఇది పరిశోధన అండి, ఇష్టమైతేనే చేరొచ్చు, చేరకపోయినా బాబు వైద్యంలో ఏ తేడా ఉండదు అని మొదలుపెట్టాను. బాబు వాళ్ళమ్మ మొదటి పేజీ చదువుతోంది. పెద్దావిడ ఆమె మోచేతి మీద తట్టి, "మన అమ్మాయే కదే, ఇంకా చదువుతావేంటి, పెట్టెయ్" అంది.

ఆమె పెన్ను తీసుకుంది. నేను ఆపాను. అరవై మంది లెక్కలో నాకు ఒకరు తగ్గుతారని తెలుసు, అయినా ఆపాను. ఎందుకంటే ఆమె పెట్టబోతున్నది పరిశోధనకి కాదు, మా ఊరికి. "అక్కా, కాగితం ఇంటికి తీసుకెళ్ళండి, తీరిగ్గా చదవండి. సందేహాలుంటే ఈ నంబరుకి చేయండి, మా కోఆర్డినేటర్ మాట్లాడతారు. తెలుగులో కావాలంటే ఆసుపత్రి వాళ్ళే అనువాదకుల్ని పెడతారు" అన్నాను. పెద్దావిడ చిన్నబుచ్చుకున్నారు. ఆ కుటుంబం ఫోన్ చేయలేదు.

కాబట్టి మీ భాషవాళ్ళు ఎదురైతే వేరే సభ్యుడికి అప్పగించండి. మీరు అనువాదకుడి పాత్ర వేయకండి. ఆసుపత్రుల్లో ఫోన్ మీద అనువాదకులు ఉంటారు, అడగడమే ఆలస్యం. ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తే పాలు పట్టే వేళ, నిద్రపుచ్చే వేళ తప్పించి ఎప్పుడు చేయాలో ముందే అడిగి రాసుకోండి. మొదటి వాక్యంలోనే "బాబు రిపోర్టు గురించి కాదండి, కంగారు పడకండి" అని చెప్పండి. ఆసుపత్రి నంబరు తెర మీద కనిపించగానే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది.

వయసు దగ్గర తప్పితే అంతా తప్పుతుంది

పెద్దవాళ్ళ మీద పరిశోధనలో వయసు ఒక గడి. పిల్లల విషయంలో మిగతా అంకెలన్నీ దానికి వేలాడుతూ ఉంటాయి. బరువు 7.6 కిలోలు అంటే అదేమీ సమాచారం కాదు. ఎన్ని నెలల బిడ్డ, ఆడా మగా తెలిస్తేనే అది సమాచారం.

ఒక ఉదాహరణ మీరే కాగితం మీద వేసి చూడండి. ఒక మగబిడ్డ క్యాలెండర్ ప్రకారం సరిగ్గా 12 నెలలవాడు, బరువు 7.6 కిలోలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల పట్టికలో ఆ వయసు మగపిల్లల మధ్యస్థ బరువు 9.6 కిలోలు, మైనస్ 2 జెడ్ స్కోర్ గీత 7.7 దగ్గర (జెడ్ స్కోర్ అంటే ఆ వయసు మధ్యస్థానికి బిడ్డ ఎంత పైన, ఎంత కింద ఉన్నాడో చెప్పే కొలత). మనవాడు గీత కింద ఉన్నాడు, అంటే తక్కువ బరువు. అదే బిడ్డ 28 వారాలకే పుట్టాడని ఇప్పుడు తెలిసింది. నెలలు నిండడానికి లెక్కేసే 40 వారాల్లోంచి 28 తీసేస్తే 12 వారాలు, దాదాపు మూడు నెలలు. అతని కరెక్టెడ్ ఏజ్, అంటే నెలలు నిండి పుట్టి ఉంటే ఉండాల్సిన వయసు, 9 నెలలు. ఆ వరసలో మైనస్ 2 గీత 7.1 దగ్గర, మైనస్ 1 గీత 8.0 దగ్గర ఉన్నాయి. మనవాడు రెండిటి మధ్య, సుమారు మైనస్ 1.4. బిడ్డ అదే, కాటా అదే, వయసు లెక్క మారేసరికి తక్కువ బరువు పిల్లల జాబితాలోంచి బయటికొచ్చేశాడు. సాధారణంగా రెండేళ్ళు వచ్చేదాకా ఈ సవరణ చేస్తారు. మీ డేటాలో ఎవరికి చేశారో, ఎవరికి చేయలేదో మొదటి వారంలోనే కనుక్కోండి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రెండేళ్ళలోపు పిల్లల పొడవు పడుకోబెట్టి కొలుస్తారు, ఆ పైన నిలబెట్టి. పడుకోబెట్టి కొలిస్తే కొంచెం ఎక్కువ వస్తుంది, పట్టికలు ఆ తేడాని 0.7 సెంటీమీటర్లుగా తీసుకుంటాయి. రెండేళ్ళ దగ్గర ఒక బిడ్డ ఉన్నట్టుండి కుంచించుకుపోయినట్టు గ్రాఫులో కనిపిస్తే ముందు ఇది చూడండి. బీఎంఐ 25 దాటితే అధిక బరువు అనే పెద్దవాళ్ళ లెక్క పిల్లలకి పనికిరాదు, అక్కడా వయసుని బట్టి చూసే గీతలే.

ఇప్పుడు నా ఘనకార్యం. నేను ఆసుపత్రి రికార్డుల ఫైలుని ఎక్సెల్‌లో తెరిచాను. నా ల్యాప్‌టాప్‌లో తేదీలు అమెరికా పద్ధతిలో ఉన్నాయి, నెల ముందు, రోజు తర్వాత. ఏప్రిల్ 3న పుట్టిన బిడ్డ మార్చి 4న పుట్టినట్టు మారిపోయింది. తేదీ 12 దాటిన పిల్లలకి మాత్రం అలా మారడానికి వీల్లేదు కాబట్టి వాళ్ళ పుట్టినరోజులు సరిగ్గానే ఉన్నాయి. దానివల్ల తప్పు కొందరిలోనే ఉండి, మూడు వారాలు నా కంటపడలేదు. ఇద్దరు పిల్లలు పుట్టకముందే క్లినిక్‌కి వచ్చినట్టు లెక్క తేలినప్పుడు గానీ తెలియలేదు. అప్పటికి గీసిన గ్రాఫులన్నీ చెత్తబుట్టలోకి. అప్పటినుంచి ఏ ఫైలు వచ్చినా ముందు వయసుల్లో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా పెద్దది చూస్తాను. మైనస్ వయసు ఉంటే ఆ రోజు ఇంకేపనీ పెట్టుకోను. అసలు ఫైలుని ముట్టుకోకుండా పక్కన పెట్టి, చేసే ప్రతి మార్పునీ ఆర్, స్టాటా లాంటి గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో కోడ్‌గా రాయండి. చేత్తో గడుల్లో దిద్దితే రేపు ఏం దిద్దారో మీకే గుర్తుండదు.

పిల్లల పేర్లు, పుట్టినతేదీలు ఉన్న ఫైలు సొంత ల్యాప్‌టాప్‌లో, పెన్‌డ్రైవ్‌లో, వాట్సాప్‌లో ఉండకూడదు. సంస్థ ఇచ్చిన సర్వర్, పరిశోధన డేటాని భద్రంగా దాచే రెడ్‌క్యాప్ లాంటి సాఫ్ట్‌వేర్ అందుకే. నేను పైన చెప్పిన ఫైలులో పేర్ల బదులు కోడ్‌లే ఉన్నాయి, అయినా పుట్టినతేదీలున్నదాన్ని సొంత ల్యాప్‌టాప్‌లో తెరిచినందుకు నాకు అక్షింతలు పడ్డాయి. పడాల్సినవే.

ప్రశ్నావళి వాడితే దాని లెక్క కూడా చదవండి

పిల్లల ప్రవర్తన గురించిన ప్రాజెక్టుల్లో ఎస్‌డీక్యూ అనే ప్రశ్నావళి తరచూ తగులుతుంది. 25 వాక్యాలు, అయిదేసి చొప్పున అయిదు భాగాలు, ఒక్కోదానికి 0, 1 లేదా 2. చూడటానికి కూడికే. కానీ మొత్తం ఇబ్బందుల స్కోరులో నాలుగు భాగాలే కలపాలి. ఇతరులతో మంచిగా మెలగడం గురించిన అయిదో భాగం కలపకూడదు. పైగా ఆ నాలుగు భాగాల్లో 7, 11, 14, 21, 25 నంబర్ల వాక్యాలు మంచి లక్షణాలు చెప్తాయి, "ఒక మంచి స్నేహితుడైనా ఉన్నాడు" లాంటివి, కాబట్టి వాటిని తిరగేసి లెక్కేయాలి. తిరగేయడం మర్చిపోతే స్నేహితులున్న పిల్లలకి ఇబ్బంది ఎక్కువ ఉన్నట్టు వస్తుంది. అది కొత్త విషయం కనిపెట్టినట్టు అనిపించి సంబరపడతారు కూడా. అమ్మ నింపినదీ టీచర్ నింపినదీ ఒకటి కాకపోతే ఎవరో అబద్ధం చెప్పారని కాదు. ఇంట్లో పిల్లాడు వేరు, క్లాసులో పిల్లాడు వేరు.

లెక్కల దగ్గర నిజాయితీ

మే నెలలో ఒక కాగితం మీద డబ్బాలు గీయండి. మొత్తం ఎన్ని రికార్డులు, అందులో ఎందరు వయసు సరిపోక పోయారు, ఎందరికి బరువు రాయలేదు, చివరికి ఎందరు మిగిలారు. థీసిస్‌లో మొదటి బొమ్మ ఇదే. పరీక్షకులు ముందు దీన్నే చూస్తారు, రాకుండా పోయిన పిల్లలు ఎవరని అడుగుతారు. ఫాలో-అప్‌కి రానివాళ్ళు చాలాసార్లు దూరం నుంచి రావాల్సినవాళ్ళు, సెలవు దొరకనివాళ్ళు, ఇంగ్లీషు సరిగా రానివాళ్ళు. మిగిలినవాళ్ళతో వచ్చిన జవాబు వాళ్ళకి వర్తిస్తుందో లేదో మీరే రాయాలి. పరిశీలన అధ్యయనాలకి స్ట్రోబ్ అనే 22 అంశాల జాబితా ఉంది. దాన్ని చివర్లో కాక ఇప్పుడే పక్కన పెట్టుకోండి.

అరవై మందిలో పన్నెండు మందికి ఏదైనా ఉంటే 20 శాతం అని రాసి ఊరుకోకండి. అంతమందితో వచ్చిన 20కి 95 శాతం విశ్వాస పరిధి, అంటే అసలు అంకె ఉండొచ్చని అనుకునే హద్దులు, సుమారు 12 నుంచి 32 దాకా ఉంటుంది. అది చూశాక చర్చ భాగంలో పెద్దమాటలు వాటంతటవే తగ్గుతాయి. ఫలితం ఏమీ రాకపోయినా మార్కులు పోవు. ఏమీ రాలేదని, ఎందుకు రాలేదో చెప్పగలిగితే ఇంకా వస్తాయి. పది రకాలుగా తిప్పి ఏదో ఒక పీ-వాల్యూని (ఫలితం కేవలం యాదృచ్ఛికమేమో అంచనా వేసే అంకె) 0.05 కిందకి దించి తెస్తే మాత్రం సెమినార్‌లో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. డేటా తెరవకముందే ఏం చేయబోతున్నారో ఒక పేజీ రాసి, తేదీ వేసి, సూపర్‌వైజర్‌కి పంపండి. స్టాటిస్టిక్స్ నిపుణుల్ని కలవాల్సింది కూడా అప్పుడే. డేటా సేకరించాక వెళ్తే వాళ్ళు సానుభూతి తప్ప ఇంకేమీ ఇవ్వలేరు.

రాయడం మార్చిలోనే

ముందు మెథడ్స్. చేస్తున్న పనే కాబట్టి ఆలోచించక్కర్లేదు, చేసిన రోజే రాస్తే మర్చిపోరు. తర్వాత రిజల్ట్స్, తర్వాత డిస్కషన్, ఇంట్రడక్షన్ చివర్న. లిటరేచర్ రివ్యూ కోసం చదివేటప్పుడు ప్రతి పేపర్‌కీ ఒక వరస చాలు: ఏ పిల్లలు, ఏ వయసు, ఎందరు, ఏం కొలిచారు, ఏం వచ్చింది, నాకెక్కడ నమ్మకం కుదరలేదు. రిఫరెన్సులు దాచుకునే జోటెరోలోనో ఎండ్‌నోట్‌లోనో మొదటి పేపర్ నుంచే పెట్టండి. సెప్టెంబరులో మొదలుపెట్టినవాళ్ళు పడే టెన్షన్ చూశాను. సూపర్‌వైజర్‌కి మొత్తం థీసిస్ ఒకేసారి పంపితే రెండు వారాలు రాదు. అధ్యాయం చొప్పున పంపండి, ఏ తేదీకి తిరిగి కావాలో మెయిల్లోనే రాయండి.

మనసు సంగతి

పాత రికార్డులు చదువుతుంటే ఒక్కోసారి చివరి పేజీలో బిడ్డ చనిపోయాడని ఉంటుంది. ముందు పేజీలోనే నర్సు "ఈ రోజు నవ్వాడు" అని రాసి ఉంటుంది. నేను అలాంటి రోజు ఇంకో పది రికార్డులు పూర్తిచేసి ఇంటికెళ్ళి, రాత్రంతా నిద్రపోలేదు. అలా చేయకండి. లేచి బయటికెళ్ళండి, టీమ్‌లో ఒకరికి చెప్పండి. రోజుకి ఇన్ని రికార్డులే అని హద్దు పెట్టుకోండి. అందరూ అలాగే చేస్తారు, ఎవరూ పైకి చెప్పరంతే.

ఇచ్చేశాక మిగిలే పని

థీసిస్ ఇచ్చిన సాయంత్రం అందరూ మాయమైపోతారు. మీరు ఇంకో వారం ఉండండి. కోడ్ ఫైళ్ళకి, డేటాలో ఒక్కో గడికి అర్థమేంటో రెండు పేజీలు రాసి టీమ్‌కి అప్పగించండి. వచ్చే ఏడాది వచ్చే విద్యార్థి మీకు దండం పెట్టుకుంటారు. పేపర్‌గా అచ్చేయాలనుకుంటే ఎవరి పేరు ఎక్కడుంటుందో ఇప్పుడే మాట్లాడుకోండి.

కుటుంబాల్ని నేరుగా చేర్చుకున్న ప్రాజెక్టయితే వాళ్ళకి ఒక ఉత్తరం రాయాలి. ఒక్క పేజీ, మామూలు మాటల్లో: మీరు, మీ పాప ఇచ్చిన సమయంతో మాకు ఇది తెలిసింది, ఇది తెలియలేదు, మీ పాప ఒక్కదాని ఫలితం గురించి ఇందులో ఏమీ లేదు. ఎథిక్స్ కమిటీ చూసిన ప్రతినే పంపాలి కాబట్టి చిత్తుప్రతి సెప్టెంబరులోనే సిద్ధం చేసుకోండి. మీ యూనివర్సిటీ మెయిల్ మూతపడేలోపే పంపేయండి. జవాబు రాసే తల్లులు ఇద్దరో ముగ్గురో ఉంటారు, అది తిరిగి వెళ్ళిపోకూడదు.